అడవి అంచు కాలేజీల్లో ఆటలు: ఖర్చెంత? నేర్పేవారెవరు?



కాలేజీలు తెరిచి రెండు నెలలు గడిచేసరికి దాతల దగ్గరికి ఆటల పేరుతో ఉత్తరాలు రావడం మామూలే. ఒకరు టీ షర్టులు అడుగుతారు, ఇంకొకరు షీల్డులు అడుగుతారు, మరొకరు టోర్నమెంటు రోజు భోజనాలు పెట్టించమంటారు. మన దాతలు లేదనరు. టీ షర్టు మీద పేరు పడుతుంది, పత్రికలో ఫొటో వస్తుంది, రెండు రోజుల తర్వాత మైదానం మళ్లీ ఖాళీ. మిగిలిన రోజుల్లో ఆ పిల్లలకు పరుగు నేర్పేది ఎవరు, వాళ్లు ఏం తిని పరుగెత్తుతున్నారు, పోటీకి ఎలా వెళ్లి వస్తున్నారు అన్న లెక్క అడిగేవారు అరుదు. ఆ లెక్క ఎలా వేయాలి, మన రూపాయి అందులో ఎక్కడ పడితే ఎక్కువ పని చేస్తుంది అన్నది తరగతిలో పాఠం చెప్పినట్టు వరుసగా చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ఉపాధ్యాయులుగా మేము రోజూ చూసేది హైస్కూలు మైదానాన్ని. పదో తరగతిలో మండల స్థాయిలో మొదట వచ్చిన పిల్లవాడు డిగ్రీ రెండో సంవత్సరానికి వచ్చేసరికి పరుగు మానేసి ఉంటాడు. అమ్మాయిలైతే ఇంటర్‌లోనే మానేస్తారు. కాళ్లలో సత్తువ తగ్గి మానడం లేదు. పట్టించుకునే మనిషి లేక మానుతున్నారు. ఆ మనిషిని కాలేజీలో ఎలా నిలబెట్టాలన్నదే అసలు ప్రశ్న.

మన ప్రాంతం లెక్క వేరు

పట్నంలోని కాలేజీకి వేసిన బడ్జెట్ మన ప్రాంతానికి సరిపోదు. 2016 అక్టోబరు 11న పాత ఖమ్మం జిల్లా నుంచి భద్రాద్రి కొత్తగూడెం జిల్లా విడిపోయింది. అంతకు రెండేళ్ల ముందే, 2014లో, పోలవరం ముంపు మండలాలు ఆంధ్రప్రదేశ్‌లో కలిశాయి. భద్రాచలం పట్టణం తెలంగాణలో మిగిలింది, ఆనుకునే ఉన్న ఎటపాక అటువైపు వెళ్లింది. నడిచి కాలేజీకి రాగలిగిన పిల్లవాడు వేరే రాష్ట్రం వాడయ్యాడు. భద్రాచలం ఊళ్లో రైలు లేదు. భద్రాచలం రోడ్ అని పేరున్న స్టేషను దాదాపు 40 కిలోమీటర్ల దూరంలో కొత్తగూడెంలో ఉంది. ఇక్కడి డిగ్రీ కాలేజీలు 1976లో ఏర్పడిన కాకతీయ విశ్వవిద్యాలయానికి అనుబంధం. అంతర కళాశాలల పోటీలంటే హనుమకొండో, వరంగల్లో, మరో దూరపు ఊరో వెళ్లాలి. చర్ల, దుమ్ముగూడెం పిల్లలకు పోటీ ఒక్క పూటే అయినా రానూపోనూ మూడు రోజులు పడుతుంది.

రెండోది పనుల కాలం. అక్టోబరు నుంచి పత్తి ఏరుతారు, సంక్రాంతి దాటాక మిర్చి కోతలు, ఏప్రిల్, మే నెలల్లో తునికాకు సేకరణ. ఈ పనుల్లో పిల్లల చేయి కూడా కూలి తెస్తుంది. పోటీకి వెళ్లిన మూడు రోజులు ఆ ఇంటికి మూడు రోజుల కూలి పోయినట్టే. మూడోది ఎండ. రాష్ట్రంలో ఎక్కువ వేడి నమోదయ్యే చోట్లలో మన కొత్తగూడెం, భద్రాచలం, ఖమ్మం ఎప్పుడూ ఉంటాయి. ఉదయం ఏడున్నర లోపు సాధన ముగించాలంటే పిల్లలు హాస్టల్లోనో, మైదానానికి దగ్గరగానో ఉండాలి. ఇవేవీ పట్నం బడ్జెట్‌లో కనిపించని ఖర్చులు.

ప్రతిభ ఎక్కడిదో తెలుసు, ఎక్కడ ఆగుతుందో చూడాలి

చర్ల మండలం కలివేరుకు చెందిన సాధనపల్లి ఆనంద్ కుమార్ 2014 మే 25న నిజామాబాద్ జిల్లా బాలిక మాలావత్ పూర్ణతో కలిసి ఎవరెస్టు ఎక్కాడు. ఇద్దరూ సాంఘిక సంక్షేమ గురుకుల విద్యార్థులు. ఆ వార్త చదివి పిల్లల ధైర్యాన్ని మెచ్చుకున్నాం, అది న్యాయమే. కానీ దాతలు చూడవలసింది దాని వెనకాల ఉన్న ఏర్పాటును. భువనగిరి గుట్ట మీద శిక్షణ ఇచ్చిన శేఖర్ బాబు, డార్జిలింగ్‌లోని పర్వతారోహణ సంస్థలో శిక్షణ, తిండి, ప్రయాణం, పరికరాలు, వీటన్నిటికీ డబ్బు పెట్టిన గురుకుల సొసైటీ. పిల్లవాడి కాలు, నేర్పేవారి కన్ను, ఖర్చు పెట్టే చేయి, మూడూ కలిసినచోట ఆ ఫలితం వచ్చింది.

వరంగల్ జిల్లా పర్వతగిరి మండలం కల్లెడ గ్రామం చూడండి. దీప్తి జీవాంజి కూలి చేసుకునే కుటుంబంలో పుట్టింది. ఆ ఊళ్లో ఆర్‌డీఎఫ్ అనే స్వచ్ఛంద సంస్థ నడిపే బడిలో వ్యాయామ ఉపాధ్యాయుడు ఆమె పరుగును గుర్తించారు. తర్వాత కోచ్ నాగపురి రమేశ్ హైదరాబాద్ పంపమంటే బస్సు చార్జీకి కూడా డబ్బు లేదని తల్లిదండ్రులు చెప్పిన సంగతి పత్రికల్లో వచ్చింది. ఆ అమ్మాయే 2024 పారిస్ పారాలింపిక్స్‌లో 400 మీటర్ల టీ20 విభాగంలో కాంస్యం తెచ్చింది. అదే కల్లెడ బడి నుంచి వర్ధినేని ప్రణీత 2008 బీజింగ్ ఒలింపిక్స్‌లో విలువిద్యకు వెళ్లింది. ఒక చిన్న ఊరి నుంచి ఇద్దరు ఎలా వచ్చారంటే, ఆ బడిలో ఆటల మాస్టారికి రోజూ జీతం ముట్టే ఏర్పాటు ఉంది గనుక.

మన ప్రాంతంలో బడి స్థాయిలో పునాది లేకపోలేదు. పాల్వంచ మండలం కిన్నెరసాని దగ్గర గిరిజన సంక్షేమ శాఖ క్రీడా పాఠశాల ఉంది, గుండాల మండలం కాచనపల్లిలో బాలికల కోసం మరొకటి ఉంది. 2016లో 71 బడులతో మొదలై 204కు చేరిన మైనారిటీ గురుకులాల్లోనూ మన పిల్లలు ఆడుతున్నారు. ఇక్కడి నుంచి బయటికి వచ్చిన పిల్లలు ఇంటర్, డిగ్రీ చదువుకు ఊరి దగ్గరి చిన్న కాలేజీలో చేరతారు. బడిలో ఉన్న మాస్టారు, గుడ్డు, షెడ్యూలు ఇక్కడ ఉండవు. గొలుసు తెగేది సరిగ్గా ఇక్కడే. విశ్వవిద్యాలయాల పోటీలకు వయసు 17 నుంచి 25. అథ్లెట్ శరీరం పక్వానికి వచ్చే ఏళ్లు కూడా అవే. ఆ ఏళ్లలోనే మన పిల్లలు మైదానం వదిలేస్తున్నారు.

సిబ్బంది: ఒక్క మనిషి, నాలుగు పనులు

కాలేజీకి "పీడీ సార్ ఉన్నారు కదా" అని మనం అనుకుంటాం. ఫిజికల్ డైరెక్టర్ ఉద్యోగం చిన్నది కాదు. యూజీసీ 2018 నిబంధనల ప్రకారం ఆ పోస్టుకు వ్యాయామ విద్యలో 55 శాతం మార్కులతో పీజీ, దానితోపాటు నెట్ లేదా సెట్, పైగా దేహదారుఢ్య పరీక్ష ఉండాలి. 30 ఏళ్లలోపు పురుషులు 12 నిమిషాల్లో 1,800 మీటర్లు, మహిళలు 8 నిమిషాల్లో 1,000 మీటర్లు పరుగెత్తాలి. యూజీసీ స్కేలులో మొదటి మూల వేతనం నెలకు రూ. 57,700. ఈ అర్హత ఉన్న మనిషి దొరికినా చిన్న కాలేజీలో ఆయన మీద పడే పనులు చూడండి: అడ్మిషన్లు, క్రమశిక్షణ, పరీక్షల డ్యూటీ, ఆగస్టు పదిహేను కవాతు, క్రికెట్ నుంచి చెస్ దాకా అన్ని జట్ల ఎంపిక, విశ్వవిద్యాలయానికి పంపే ఫారాలు. ఇన్ని చేసి రోజూ ఉదయం ఆరు గంటలకు జావెలిన్ నేర్పమనడం సాధ్యమయ్యే మాట కాదు. పోస్టు ఖాళీగా ఉన్నచోట ఆ బాధ్యత ఒక లెక్చరర్‌కు అదనంగా అంటగడతారు. ఆయన సంతకం పెడతారు, మైదానానికి రాలేరు.

కాబట్టి దాతలు నాలుగు పాత్రలను విడివిడిగా గుర్తించాలి.

మొదటిది పీడీ. ఈయన నిర్వాహకుడు. ఎంట్రీలు, అనుమతులు, రికార్డులు చూస్తారు. ఈ పోస్టు ప్రభుత్వమో యాజమాన్యమో ఇవ్వవలసింది. మనం దాని జోలికి పోకూడదు. మనం జీతం ఇస్తే ఖాళీ భర్తీ చేయవలసిన వారు నిశ్చింతగా ఊరుకుంటారు.

రెండోది కోచ్. ఒకే ఆటలో లోతుగా తెలిసినవారు. పటియాలాలో 1961లో స్థాపించిన జాతీయ క్రీడా సంస్థ, మనం ఎన్‌ఐఎస్ అని పిలిచేది, ఇచ్చే కోచింగ్ డిప్లొమా దీనికి గుర్తింపు ఉన్న అర్హత. ఆరు వారాల సర్టిఫికెట్ కోర్సు కూడా అక్కడ ఉంది. డిప్లొమా ఉన్నవారు మన ఊళ్లకు రాకపోవచ్చు. అప్పుడు విశ్వవిద్యాలయ స్థాయిలో ఆడి బీపీఎడ్ చదివిన స్థానిక యువకుడినో యువతినో పార్ట్ టైమ్ కోచ్‌గా తీసుకుని, ఒక ఏడాది గడిచాక ఆ ఆరు వారాల కోర్సుకు పంపడం తెలివైన పని.

మూడోది అమ్మాయిలకు తోడుండే మహిళ. సాధనలో, ప్రయాణంలో, బస దగ్గర ఆమె ఉండాలి. ఈ ఒక్కరు లేకపోతే ఎంత మంచి కోచ్ ఉన్నా తల్లిదండ్రులు పంపరు, పంపకపోవడాన్ని తప్పుపట్టలేం.

నాలుగోది మైదానం చూసే మనిషి. గీతలు వేయడం, గోతులు పూడ్చడం, జంప్ పిట్‌లో ఇసుక తిరగేయడం. ఇది పూర్తి ఉద్యోగం కానక్కర్లేదు, నెలలో కొన్ని రోజుల కూలి చాలు.

ఇంకో మాట. చిన్న కాలేజీ అన్ని ఆటలూ పట్టుకోకూడదు. 400 మీటర్ల ట్రాక్ వేయాలంటేనే నాలుగెకరాలకు పైగా స్థలం కావాలి, సింథటిక్ ట్రాక్ అయితే కోట్ల మాట. అదే 800, 1,500, 5,000 మీటర్ల పరుగులు, లాంగ్ జంప్, జావెలిన్, షాట్‌పుట్ అయితే 200 మీటర్ల మట్టి ట్రాక్, ఒక ఇసుక గుంట, పురుషులకు 7.26 కిలోల గుండు, మహిళలకు 4 కిలోల గుండు, 800 గ్రాముల, 600 గ్రాముల జావెలిన్లు ఉంటే సాధన నడుస్తుంది. ఒక్క కోచ్‌కు చేతనైన మూడు నాలుగు అంశాలు ఎంచుకుని ఐదేళ్లు అంటిపెట్టుకోవాలి.

ఒక నమూనా లెక్క

కింద ఇచ్చినది ఏ ఒక్క కాలేజీ జమాఖర్చూ కాదు. లెక్క వేసే పద్ధతి తెలియడానికి మేము తయారుచేసిన నమూనా. 600 మంది చదివే కాలేజీలో 15 మంది అబ్బాయిలు, 15 మంది అమ్మాయిలు, మొత్తం 30 మంది అథ్లెట్లు అనుకుందాం. ధరలను మీ ఊరి ధరలతో మార్చుకోవచ్చు.

1. పార్ట్ టైమ్ కోచ్ గౌరవ వేతనం: నెలకు రూ. 15,000 చొప్పున 10 నెలలకు రూ. 1,50,000.
2. అమ్మాయిల తోడుగా ఉండే మహిళా సహాయకురాలు: నెలకు రూ. 8,000 చొప్పున 10 నెలలకు రూ. 80,000.
3. సాధన తర్వాత ఆహారం (రెండు గుడ్లు, అరటిపండు, పల్లీ పట్టీ లేదా రాగి జావ): రోజుకు ఒక్కొక్కరికి రూ. 30 చొప్పున 30 మందికి 200 రోజులకు రూ. 1,80,000.
4. బూట్లు: 30 జతలు రూ. 1,500 చొప్పున రూ. 45,000. స్పైక్స్ 12 జతలు రూ. 2,500 చొప్పున రూ. 30,000. కలిపి రూ. 75,000.
5. పోటీల ప్రయాణం: 20 మంది విద్యార్థులు, ఇద్దరు పెద్దలు మూడు రోజుల యాత్రకు తలకు రూ. 1,500 చొప్పున రూ. 33,000. దగ్గరి పోటీలు రెండింటికి తలకు రూ. 500 చొప్పున రూ. 22,000. కలిపి రూ. 55,000.
6. సామగ్రి, మైదానం బాగు: రూ. 40,000.
7. ప్రథమ చికిత్స, రక్త పరీక్షలు, ప్రమాద బీమా: రూ. 20,000.

మొత్తం రూ. 6,00,000. అంటే ఒక్కో అథ్లెట్‌కు ఏడాదికి రూ. 20,000.

ఈ లెక్కను ఒకసారి జాగ్రత్తగా చూడండి. వంద రూపాయల్లో 38 మనుషులకు పోతున్నాయి, 30 తిండికి. బ్యాట్లు, బంతులు, గుండ్లు అని మనం ఆటల ఖర్చుగా ఊహించుకునేది ఏడు రూపాయలు కూడా దాటదు. షీల్డులు, శాలువాలు, ఫ్లెక్సీలు ఇందులో లేనే లేవు. ఒక టోర్నమెంటుకు వాటికి పదిహేను వేలు అయిందనుకుంటే అది కోచ్ ఒక నెల వేతనం, లేదా ఒక అథ్లెట్‌కు 500 రోజుల గుడ్డూ పండూ.

డబ్బు తక్కువగా ఉంటే అన్నిట్లోనూ కొంచెం కొంచెం కోయడం సరైన పద్ధతి కాదు. వరుస పాటించాలి. చేతిలో లక్ష రూపాయలే ఉంటే జులై నుంచి డిసెంబరు దాకా ఆరు నెలలు కోచ్‌ను పెట్టి, మిగిలిన పది వేలు ప్రథమ చికిత్సకు, రక్త పరీక్షలకు ఉంచాలి. అంతర కళాశాలల పోటీలు ఎక్కువగా జరిగేది ఆ నెలల్లోనే. కోచ్ లేకుండా కొన్న స్పైక్స్ బీరువాలో ఉంటాయి. కోచ్ ఉంటే చెప్పుల్లేని పిల్లలు కూడా కొన్నాళ్లు నడిపించుకొస్తారు.

డబ్బు ఎక్కడి నుంచి రావాలి

మొదటి వనరు విద్యార్థుల ఆటల ఫీజు. తలకు వంద రూపాయలు అనుకుంటే మన నమూనా కాలేజీకి రూ. 60,000 వస్తుంది. అందులో విశ్వవిద్యాలయ వాటా పోను మిగిలినది అన్ని జట్లకూ పంచాలి. పేద పిల్లల ఫీజు రీయింబర్స్‌మెంట్ మీద నడిచే ప్రైవేటు కాలేజీల్లో ఆ డబ్బు ఆలస్యమైనప్పుడల్లా ముందు ఆగేది ఆటల ఖర్చే. ఎందుకంటే కరెంటు బిల్లు ఆపలేరు, పరుగు పందెం ఆపగలరు.

రెండోది ప్రభుత్వ పథకాలు. ఖేలో ఇండియాలో ఎంపికైన అథ్లెట్‌కు నెలకు రూ. 10,000 చేతి ఖర్చు అందుతుంది. 2020లో ప్రకటించిన ఖేలో ఇండియా కేంద్రాల పథకంలో మాజీ క్రీడాకారుల వేతనానికి, సామగ్రికి, పోటీలకు సాయం ఉంది. తెలంగాణలో ప్రభుత్వ ఉద్యోగాల్లో క్రీడాకారులకు 2 శాతం రిజర్వేషన్ ఉంది. కానీ వీటన్నిటికీ ముందుగా పిల్లవాడు ఒక స్థాయికి రావాలి, సర్టిఫికెట్లు సరిగ్గా ఉండాలి. ఆ మొదటి రెండేళ్లు మోసేవారే కరువు.

మూడోది కంపెనీల సామాజిక బాధ్యత నిధులు. 2013 కంపెనీల చట్టం 135వ సెక్షన్ ప్రకారం పరిమితి దాటిన కంపెనీలు గత మూడేళ్ల సగటు నికర లాభంలో 2 శాతం సేవా కార్యక్రమాలకు ఖర్చు చేయాలి. ఆ చట్టం ఏడో షెడ్యూలులో గ్రామీణ క్రీడలు, జాతీయ గుర్తింపు ఉన్న క్రీడలు, పారాలింపిక్, ఒలింపిక్ క్రీడల శిక్షణ స్పష్టంగా ఉంది. మన దగ్గర సింగరేణి ఉంది, సారపాకలో ఐటీసీ కాగితం మిల్లు ఉంది. కంపెనీలు సాధారణంగా కట్టడాలు, పరికరాలు ఇవ్వడానికి ముందుకు వస్తాయి. మైదానం చదును, ఇసుక గుంట, మరుగుదొడ్డి వారిని అడగాలి. నెలనెలా ఇచ్చే వేతనం మనం చూసుకోవాలి.

నాలుగోది మనం. ఇక్కడ ఒక ధర్మ సూక్ష్మం ఉంది. జకాత్‌కు అర్హులు ఎవరన్నది ఖుర్‌ఆన్‌లో ఎనిమిది వర్గాలుగా నిర్ణయమై ఉంది. అది అర్హుడి చేతికి, అతని సొంతానికి చేరాలని అధిక సంఖ్యాక ఉలమాల అభిప్రాయం. కాబట్టి అర్హుడైన పేద విద్యార్థికి బూట్లు, ఆహారం, బస్సు చార్జీ అతని పేర ఇవ్వవచ్చు. కోచ్ వేతనం, మైదానం ఖర్చు సదఖా, సాధారణ విరాళాల నుంచి పెట్టాలి. రెండు ఖాతాలు వేరుగా ఉంచి, సందేహం ఉంటే మన ఆలిములను అడగాలి. సాధారణ విరాళానికి ఆ కట్టుబాటు లేదు. ఒకే ట్రాక్ మీద కోయ పిల్లవాడు, లంబాడా పిల్ల, మన పిల్లలు కలిసి పరుగెత్తుతారు. అరటిపండు పంచేటప్పుడు మతం అడగలేం, అడగకూడదు.

శాశ్వత నిధి అంటే బ్యాంకులో వేసి వడ్డీతో నడపడం అని చాలా సంస్థలు అనుకుంటాయి. మనకు ఆ దారి లేదు. వక్ఫ్ పద్ధతిలో నెలకు రూ. 12,500 అద్దె వచ్చే ఒక దుకాణాన్ని ఎవరైనా ఈ పనికి రాసిస్తే ఏడాదికి లక్షా యాభై వేలు, అంటే ఒక కోచ్ వేతనం ఎల్లకాలం నడుస్తుంది. అంత ఆస్తి లేకపోతే 50 కుటుంబాలు నెలకు రూ. 250 చొప్పున వేసుకున్నా అదే మొత్తం వస్తుంది.

అమ్మాయిల సంగతి

సగం అథ్లెట్లు అమ్మాయిలని లెక్కలో రాసినంత మాత్రాన వాళ్లు మైదానానికి రారు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడత ప్రకారం తెలంగాణలో 15 నుంచి 49 ఏళ్ల మహిళల్లో 57.6 శాతం మందికి రక్తహీనత ఉంది. హిమోగ్లోబిన్ తక్కువున్న అమ్మాయిని 800 మీటర్లు పరుగెత్తించడం శిక్షణ అనిపించుకోదు. జులైలో ఒకసారి, డిసెంబరులో ఒకసారి రక్త పరీక్ష చేయించి, ఐరన్ మాత్రలు డాక్టరు చెప్పినట్టు ఇప్పించాలి. అందుకే మన నమూనాలో తిండికి, పరీక్షకు చోటు ఉంచాం.

పరదా పాటించే పిల్లలు పరుగెత్తడం ఎలా అని కొందరు పెద్దలు అడుగుతారు. ప్రవక్త మహమ్మద్ (సల్లల్లాహు అలైహి వసల్లం) తన సతీమణి ఆయిషా (రజియల్లాహు అన్హా)తో పరుగు పందెం వేసిన ఉదంతం హదీసుల్లో ఉంది. మన కాలంలో బహ్రెయిన్ అథ్లెట్ రుఖయ్యా అల్ ఘస్రా 2006 దోహా ఆసియా క్రీడల్లో తల కప్పుకుని, ఒళ్లంతా కప్పే దుస్తులతో 200 మీటర్ల స్వర్ణం గెలిచింది. మన రాష్ట్రంలో నిఖత్ జరీన్ నిజామాబాద్‌లో మొదట పరుగు పందేలతోనే మొదలుపెట్టింది. తండ్రి జమీల్ అహ్మద్ స్వయంగా మైదానానికి తీసుకెళ్లారు. ఊళ్లో నేర్పిన కోచ్, తర్వాత విశాఖపట్నం సాయ్ కేంద్రం, 2011లో జూనియర్ ప్రపంచ విజేత, 2022లో ఇస్తాంబుల్‌లో, 2023లో ఢిల్లీలో ప్రపంచ బాక్సింగ్ విజేత. దుస్తుల విషయం ఆ అమ్మాయికి, ఆమె కుటుంబానికి వదిలేద్దాం. మనం ఇవ్వవలసినది పూర్తి చేతుల ట్రాక్ సూటు కావాలన్నవారికి అది, బట్టలు మార్చుకునే గది, నీళ్లున్న మరుగుదొడ్డి, పక్కన ఒక మహిళ. కాలేజీలో లైంగిక వేధింపుల నిరోధానికి 2013 చట్టం ప్రకారం అంతర్గత కమిటీ ఉందా, కోచ్‌కు ఆ నియమాలు చెప్పారా అని అడగడం దాత హక్కు.

రమజాన్ నెలలో సాధన వేళ మార్చుకోవాలి. ఉపవాసం ఉన్నవారికి ఇఫ్తార్‌కు ముందు తేలికపాటి వ్యాయామం, బరువైన సాధన వేరే నెలల్లో. కోచ్‌తో ఈ మాట ముందుగానే చెప్పుకుంటే తర్వాత చిక్కు రాదు.

బయటి దేశం నుంచి ఒక్క పాఠం

అమెరికాలో కాలేజీ ఆటలంటే టీవీల్లో కనిపించే పెద్ద స్టేడియాలు గుర్తొస్తాయి. అక్కడ కూడా ఎక్కువ కాలేజీలకు ఆటల వల్ల లాభం రాదు, చదువు నిధుల నుంచి సర్దుబాటు చేస్తారు. ఎన్‌సీఏఏ మూడో డివిజన్‌లో ఉన్న చిన్న కాలేజీలు క్రీడా ప్రతిభ పేరుతో స్కాలర్‌షిప్పులే ఇవ్వవు. మనం నేర్చుకోవలసినది వేరే ఉంది. 1972లో వచ్చిన టైటిల్ నైన్ చట్టం విద్యలో ఆడ, మగ వివక్షను నిషేధించింది. 1994లో వచ్చిన మరో చట్టం ప్రకారం ప్రభుత్వ విద్యార్థి సాయం తీసుకునే ప్రతి కాలేజీ ఏటా తన ఆటల లెక్క బయటపెట్టాలి. ఎంతమంది అబ్బాయిలు ఆడారు, ఎంతమంది అమ్మాయిలు, ఎవరికి ఎంతమంది కోచ్‌లు, కోచ్‌లకు ఎంత జీతం, రాబడి ఎంత, ఖర్చు ఎంత. తల్లిదండ్రులెవరైనా అడిగి చూసుకోవచ్చు. కోట్ల రూపాయల కాలేజీకి సాధ్యమైనది 600 మంది ఉన్న కాలేజీకి ఒక్క కాగితం మీద సాధ్యమే.

దాతలు అడగవలసినవి, చేయవలసినవి

1. ఏటా జూన్‌లో సాయం కోరే కాలేజీని ఒక పేజీ లెక్క అడుగుదాం. గత ఏడాది ఆడిన అబ్బాయిలు, అమ్మాయిలు ఎంతమంది, పీడీ పోస్టు ఉందా, కోచ్ ఎన్ని రోజులు వచ్చారు, ఆటల ఫీజు ఎంత వసూలైంది, ఎంత ఖర్చైంది.

2. అన్ని కాలేజీలకు పది వేల చొప్పున పంచడం మాని, ఒక్క కాలేజీని మూడేళ్లపాటు పట్టుకుందాం. డిగ్రీలో చేరిన పిల్ల బయటికి వెళ్లేదాకా ఒకే కోచ్ దగ్గర ఉండాలి.

3. కోచ్ ఎంపిక ప్రిన్సిపాల్, పీడీ, సొసైటీ ప్రతినిధి కలిసి చేయాలి, ముగ్గురిలో ఒక్కరైనా మహిళ ఉండాలి. వేతనం నెల ఐదో తేదీలోపు బ్యాంకు ఖాతాలో పడాలి. రెండు నెలలు ఆలస్యమైతే మంచి కోచ్ ప్రైవేటు బడికి వెళ్లిపోతారు.

4. పతకాలు లెక్కించే ముందు టైము లెక్కిద్దాం. ప్రతి నెల మొదటి శనివారం ప్రతి అథ్లెట్ టైము, దూరం రిజిస్టరులో రాయాలి. జులైలో 800 మీటర్లు పరుగెత్తిన టైము డిసెంబరుకు తగ్గిందంటే మన డబ్బు పని చేసినట్టే, పతకం వచ్చినా రాకపోయినా.

5. ఆహార ఖర్చు రోజువారీగా పంచుకుందాం. మన నమూనాలో 30 మందికి రోజుకు రూ. 900. పెళ్లి రోజుకో, అఖీఖాకో, పోయిన పెద్దల పేరుమీదో ఒక్కొక్కరు ఒక రోజు తీసుకుంటే 200 మంది దాతలతో ఏడాది గడుస్తుంది.

6. విరాళాలు చెక్కు ద్వారానో ఆన్‌లైన్‌లోనో ఇద్దాం. రూ. 2,000 దాటిన నగదు విరాళానికి ఆదాయపు పన్ను మినహాయింపు వర్తించదు.

7. షీల్డులు పూర్తిగా మానక్కర్లేదు. ఏడాదికి ఒక్క రోజు, ఒక్క షీల్డు, ఎక్కువ మెరుగుపడిన విద్యార్థికి ఇద్దాం. దాత పేరు కావాలంటే కోచ్ వేతనం రసీదు మీద, రిజిస్టరు మొదటి పేజీలో రాద్దాం.

ఈ ఏడు పనుల్లో ఏదీ కష్టం కాదు. కష్టమైనది మూడేళ్లు ఓపిక పట్టడం. మొదటి ఏడాది ఏమీ కనిపించదు, రెండో ఏడాది రిజిస్టరులో అంకెలు మారతాయి, మూడో ఏడాది విశ్వవిద్యాలయ జట్టులో మన ప్రాంతం నుంచి ఒకరిద్దరి పేర్లు రావచ్చు. రాకపోయినా, ఇరవై మంది అమ్మాయిలు రక్తం నిండుగా, భయం లేకుండా మూడేళ్లు ఉదయాన్నే మైదానానికి వచ్చి వెళ్లారంటే ఆ ఇళ్లలో మార్పు మొదలైనట్టే.

వచ్చే విద్యా సంవత్సరానికి సొసైటీ ముందు ఈ ప్రతిపాదన ఉంచుతున్నాం. దాతలు చదివి, తప్పొప్పులు చెప్పి, తమ తమ వంతు నిర్ణయించుకోవలసిందిగా మనవి. ఇచ్చే చేతులకు, నేర్పే చేతులకు, పరుగెత్తే కాళ్లకు అల్లాహ్ బర్కత్ ప్రసాదించుగాక. ఆమీన్.